సముద్రరాజు తీసుకెళ్ళిన పిల్లలు

బెజవాడ గుణదలలో ఉండే అమలమ్మ పగలు బళ్ళో తెలుగు పాఠాలు చెప్పేది, సాయంత్రాలు ఇంట్లో కథలు రాసేది. అన్నీ పిల్లల కథలే. అలిగి ఒడ్డెక్కి కూర్చునే పడవలు, మబ్బుల్ని మేపుకునే ముసలమ్మ, గొడుగులో కాపురం పెట్టిన పిట్టలు. మొదటి కథ ‘గువ్వలబండి’ మాసపత్రికలో పడేనాటికి ఆమెకి పాతికేళ్ళు. మరో పదేళ్ళకి ఆమె సీరియల్ లేని సంచికంటూ లేకుండా పోయింది. మబ్బుల ముసలమ్మ ఊరికి ఏ బస్సెక్కాలని పిల్లలు ఉత్తరాలు రాసేవారు. “వానల్లో దారి బాగుండదు, ఎండలు ముదిరాక వెళ్ళు” అని ఆమె తడుముకోకుండా జవాబు రాసేది.

1977 వేసవిలో ‘ఉప్పురాజ్యం’ మొదలుపెట్టింది. పిల్లల్లేని సముద్రరాజు ఒకనాడు ఒడ్డు దాటి ఊళ్ళోకి నడిచి వస్తాడు. కనబడిన పిల్లలనల్లా భుజాల మీద ఎక్కించుకుని తన రాజ్యానికి తీసుకుపోతాడు. నవంబరు సంచికలో కథ అక్కడ ఆగింది. ఆ నెల పంతొమ్మిదో తారీకున దివిసీమ మీద ఉప్పెన పడింది.

ఏం జరిగిందో బెజవాడలో రెండు రోజుల దాకా ఎవరికీ సరిగా తెలియలేదు. తెలిశాక అమలమ్మ పేపరు చదివి, తన సంచిక తీసి చదివి, మళ్ళీ పేపరు చేతిలోకి తీసుకుంది. తను తప్పు చేసిందా? చేస్తే, ఏ తప్పు? గుడికి వెళ్ళి ఫాదరుగారిని అడిగింది.

“నువ్వు రాసింది ముందు కదమ్మా. దానికీ దీనికీ ఏం సంబంధం?” అన్నారాయన.

లేదని ఆమెకీ తెలుసు. అయినా మనసు కుదుటపడలేదు. పత్రిక సంపాదకుడు జానకిరామయ్య డిసెంబరు భాగం ఆపేశాడు. అందులో పిల్లలు తిమింగలాల మీద ఊరేగుతారు.

డిసెంబరు రెండో వారంలో ఒక కార్డు వచ్చింది. రాసింది మార్త. అయిదో తరగతి చదువుతోంది. కోడూరు దగ్గర సహాయ శిబిరంలో పిన్నితో ఉంటోంది.

“టీచరుగారికి నమస్కారములు. మా తమ్ముడు శౌరయ్యను కూడా తీసుకుపోయినాడు. సముద్రరాజు పిల్లలను ఎన్ని రోజులు ఉంచుకుంటాడు? ఏ రేవులో దింపుతాడు? ఈ నెల పుస్తకం రాలేదు. జవాబు రాయగలరు.”

ఎప్పుడూ తడుముకోని ఆమె కలం ఆ కార్డు ముందు నాలుగు రోజులు కదల్లేదు. అయిదోనాడు సెలవు పెట్టి అవనిగడ్డ బస్సెక్కింది. అక్కణ్ణించి బియ్యం మూటలు తీసుకెళ్తున్న లారీలో కోడూరు చేరింది.

శిబిరం ఒక బడి వరండాలో ఉంది. మార్త పిన్ని శౌరమ్మ ఆమెను పక్కకి పిలిచింది.

“వస్తాడని చెప్పండమ్మా. ఆ మాట మీదే నాలుగు మెతుకులు తింటంది.”

“శవం దొరికిందా?”

“దొరకలా. మా వోళ్ళల్లో ఎవురూ దొరకలా. నాకే ఒక్కోపాలి వస్తాడేమో అనిపిస్తంటది. ఇంక దానికేం జెప్పను?”

మార్త ఎవరో ఇచ్చిన పెద్ద గౌను తొడుక్కుని మెట్ల మీద కూర్చుని ఉంది. పత్రికల్లో ఫొటో పడని మనిషిని పోల్చుకోలేక, “మీరేనా రాసింది?” అని అడిగింది.

“నేనే. అది కల్పించి రాశానమ్మా. నిజం కాదు.”

“తెలుసండి. అయినా కల్పించింది మీరే గదా, తర్వాతేమైందో మీకే తెలవాల.”

వస్తాడంటే అబద్ధం. రాడనడానికి తనెవరు? పిన్నే ఆ మాట అనలేకపోతోంది. చివరికి అమలమ్మ, “నాకు తెలీదే తల్లీ” అంది. పదేళ్ళలో ఒక పిల్లకి ఆమె అలా చెప్పడం అదే మొదలు.

మార్త ఏడవలేదు. గౌను అంచు మెలిపెడుతూ తమ్ముడి గురించి చెప్పింది. వాడికి చేపంటే పడదు, ముల్లు గుచ్చుకుంటుందని భయం. అక్కడ అన్నీ చేపలేగా, ఏం తింటాడో ఏమో అంది. అమలమ్మ వింటూ పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది. తిరిగి వచ్చేప్పుడు తను ఏం చెప్పి వచ్చిందో, మేలు చేసిందో కీడు చేసిందో, ఆమెకి బోధపడలేదు.

కథ ముగింపు మూడుసార్లు రాసింది. ఒకదాంట్లో పిల్లలు వచ్చారు, ఒకదాంట్లో రాలేదు. రెండూ చింపేసింది. మూడోదాంట్లో ఒడ్డున ఒక అక్క తమ్ముడికి ఏమేం ఇష్టమో, ఏమేం పడదో సముద్రరాజుకి వినబడేలా గట్టిగా చెబుతూ ఉంటుంది.

జానకిరామయ్య రెండుసార్లు చదివాడు. “ఇంతకీ పిల్లలు వచ్చినట్టా, రానట్టా అమలమ్మగారూ?”

“తెలీదండీ.”

“పాఠకులకి ఏం చెప్పను?”

“అదీ తెలీదండీ. వేస్తే వెయ్యండి.”

ఫిబ్రవరిలో వేశాడు. ఉత్తరాలు వచ్చాయి. కొందరు పిల్లలు కోప్పడ్డారు. మిగతా భాగం అచ్చులో పోయిందేమో చూడమని కొందరు రాశారు. మార్త దగ్గర్నించి మాత్రం ఏమీ రాలేదు. అమలమ్మ ఆ సంచికను శిబిరానికి పంపితే, వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళారని తిరిగొచ్చింది.

ఆ తర్వాత కూడా ఆమె చాలా కథలు రాసింది. ‘ఉప్పురాజ్యం’ పుస్తకంగా వేస్తామని ఒకరిద్దరు అడిగితే, ఇంకొన్నాళ్ళు ఆగమంది. ఎందుకని అడిగితే, మార్తకి పంపగా తిరిగొచ్చిన ఆ సంచికను తీసి చూపించేది.