వాలుగ దవడకి ఒక మెతుకు

పొద్దున్నే ఝాన్సీ గుమ్మం పక్క వెలుగులో కూచుని పత్తి దువ్వుతోంది. ఎడమచేతి వేళ్ళ మధ్య గింజతో ఉన్న పత్తి, కుడిచేతిలో వాలుగ చేప దవడ. అరచెయ్యంత కూడా ఉండదు ఆ ఎముక. దాని పళ్ళు మాత్రం చూడాలి, గసగసాలు అద్దినట్టు వరసలు వరసలు. పొందూరులో సన్న నూలు తీసే ఆడవాళ్ళకి అదే దువ్వెన. ఝాన్సీ చేతిలోది ఆమె అమ్మ వాడినది, పట్టుకునే చోట అరిగి తేనెరంగుకి వచ్చింది.

రెండోసారి లాగేసరికి పత్తి చిక్కుకుంది. దవడని వెలుగుకి ఎత్తి చూసింది. పళ్ళ మధ్య అన్నం మెతుకు.

"విశాలీ."

తలుపు వెనక రెండు పిలకలు కదిలాయి.

"మళ్ళీ ఎట్టీసినావేటే?"

"పళ్ళున్నాయి గదమ్మా. ఆకలేస్తాది."

మగ్గం మీంచి భాస్కర్ అందుకున్నాడు. "సూస్తుండు, నీ కూతురు దానికి బారసాల సేసి పేరు కూడా ఎట్టీస్తాది."

"పేరుంది నానా."

"ఏటది?"

"సెప్పకూడదు."

నాలుగేళ్ళ పది నెలల పిల్ల, ఏం చెప్పమంటారు. పొద్దున్నే రాట్నం మీద చెయ్యేసి జ్వరముందేమో చూస్తుంది. మేకపిల్ల ఎదురొస్తే పక్కకి జరిగి దారిస్తుంది. అలిగిందా, గోడవైపు తిరిగి కూచుంటుంది. ఎవరూ పట్టించుకోకపోతే లేచొచ్చి "నాను అలిగినాను, సూడనేదా?" అని చెప్పి, మళ్ళీ వెళ్ళి అదే చోట అలుగుతుంది. అప్పుడు ఝాన్సీ నవ్వాపుకోలేక నోట్లో కొంగు కుక్కుకోవాలి.

ఈవేళ ఆ పిల్లకి బడి మొదలు. ఝాన్సీకి లేచిన దగ్గర్నించి కాలు నిలవడం లేదు. గౌను రెండుసార్లు ఇస్త్రీ చేసింది, పిలకలు మూడుసార్లు వేసింది, పత్తి రెండు గుప్పిళ్ళు కూడా దువ్వలేదు. మూడో తరగతిలో ఉండగా తన చేతికి ఈ దవడ వచ్చింది. మర్నాటి నుంచి బడి లేదు. కూతురన్నా చదవాలి. కాని పోయిన వారం పేరు రాయించడానికి తీసుకెళితే, విశాలి తిరిగి ఇంటికొచ్చేదాకా కొంగు వదల్లేదు. ఈవేళ బడి ఆటో ఎక్కుతుందా, ఎక్కదా?

వీధిలో అసిరయ్య ఆటో హారన్ మోగింది. లోపల అయిదుగురు పిల్లలు, అందులో ఇద్దరు ఏడుపు. విశాలి సంచీ తగిలించుకుని ఆటోదాకా హుషారుగా నడిచింది. అక్కడ ఆగిపోయింది.

"నానెల్లను."

ఝాన్సీ పిల్ల ముందు గొంతుక్కూచుంది. "ఏటమ్మా, బయమేస్తందా?"

"కాదు. మద్దేనం దానికి ఎవులెడతారు? నువ్వు కడిగీస్తావు."

నిజమే మరి. పిల్ల అటు తిరగ్గానే ఝాన్సీ చీపురుపుల్లతో మెతుకు తీసేసి, నీళ్ళతో కడిగి ఆరబెట్టేది. పిల్ల చూడలేదనుకుంది ఇన్నాళ్ళూ.

"నానెడతాను," అంది.

"ఒట్టు?"

"ఒట్టు."

"ఒక్క మెతుకే. ఎక్కువెడితే అరగదు."

"బేగి ఎక్కు తల్లీ," అన్నాడు అసిరయ్య. "నా ఆటోకి కూడా ఆకలేస్తంది."

విశాలి వంగి ఆటో ముందుభాగం అంతా చూసింది. "దీనికి పళ్ళు నేవు," అని తేల్చేసి ఎక్కి కూచుంది.

ఏడుస్తున్న ఇద్దరి మధ్యా ఇరుక్కుని, చేతులు తిప్పుతూ వాళ్ళకేదో చెప్పడం మొదలెట్టింది. ఆటో కదిలింది. ఏడుస్తున్న పిల్లొకతి ఏడుపాపి నోరు తెరుచుకుని వింటోంది. ఝాన్సీ చెయ్యెత్తి ఊపింది. విశాలి వెనక్కి చూడలేదు. మలుపు తిరిగాక కూడా ఝాన్సీ చెయ్యి అలాగే గాల్లో ఉంది, వేళ్ళకి దూది అంటుకుని.

మధ్యాహ్నం కంచంలో అన్నం పెట్టుకుంది. మొదటి ముద్ద కలపకముందే ఒక మెతుకు తీసి, లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. తిన్నాక కూడా పనికి కూచోలేదు. శుక్రవారానికి నూలు అందించాలి.

"దువ్వవేటి?" అన్నాడు భాస్కర్.

"తిననీ ముందు," అంది ఝాన్సీ.

గుమ్మం పక్క వెలుగులో, దువ్వని పత్తి కుప్ప మీద, తేనెరంగు దవడ. దాని సన్న పళ్ళ మధ్య ఒక్క తెల్లటి మెతుకు.