దేనికి అని అడిగిన దుకాణం

నేను ఒక ప్యారలల్ పోర్టు కార్డును. అరచేతిలో ఇమిడే పచ్చని పలక, ఒక అంచున బంగారు పూత పూసిన పళ్ళు, మరో అంచున పాత ప్రింటరు తీగ వచ్చి కూర్చునే వెడల్పాటి మూతి: ఇదీ నా స్వరూపం. నా బోటివాళ్ళను ఇలా వర్ణించి చెప్పవలసిన రోజు వస్తుందని నేను ఊహించలేదు. వచ్చింది కనుక చెబుతున్నాను.

నేను నమోదు చేయదలచిన సంఘటన విజయవాడలో ఏటా వేసవిలో జరిగే కంప్యూటర్ సామగ్రి ప్రదర్శనలో, ముగింపు రోజున జరిగింది. అక్కడ ఉన్నవారిని ఉన్న వరుసలోనే పేర్కొనడం న్యాయం. బల్లకు లోపలివైపున, నిలబడి, దుకాణం యజమానురాలు శ్రీమతి బొల్లిముంత హైమవతి. ఆమెకు ఎడమపక్క కుర్చీలో, బిల్లులు కొట్టే కంప్యూటరు ముందు, ఆమె బావగారు శ్రీ సాంబశివరావు. బల్లకు వెలుపల, వరుసలో మొదట, ఒక ఇంజినీరింగ్ కళాశాల ప్రయోగశాలకు సామగ్రి కొనవచ్చిన శ్రీ ప్రభాకర్. వరుసలో చిట్టచివర, పాత దుప్పటిలో చుట్టిన ఏదో బరువును గుండెకు హత్తుకుని, భద్రాచలం నుంచి వచ్చిన శ్రీమతి కుంజా రాధ. నేను సాంబశివరావు గారి మోకాలి దగ్గర, బిల్లుల కంప్యూటరు పెట్టెలో ఉన్నాను. హాజరైనవారిలో నన్ను ఎవరూ లెక్కించలేదు. అది నాకు అలవాటే.

నా పుట్టుక తైవాన్‌లో. వెండి రంగు సంచిలో సీలు వేసి, సముద్రం దాటించి, చెన్నై రేవులో దించారు. ఇదే ప్రదర్శన తొలి రోజుల్లో నన్ను మొదటిసారి బల్లమీద పెట్టారు. ఆ రోజుల్లో ఇక్కడ కాలు పెట్టే సందు ఉండేది కాదు. మనుషులు నన్ను ఎత్తి, తిప్పి, వెలుతురుకు పట్టి, పళ్ళు లెక్కబెట్టేవారు. సంతలో ఎడ్లకు జరిగే మర్యాద నాకు జరిగింది. ఆ తరువాత అందరూ అనే మాట ఒక్కటే: ‘చెక్ చేసి ఇవ్వండి.’ బల్ల చివర మూత తీసిన కంప్యూటరు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. అందులో నన్ను గుచ్చి, కొనేవాడి కళ్ళెదుట పని చేయించి చూపేవారు. పదిమందిలో పరీక్షకు నిలబడి నెగ్గడం గర్వించదగిన విషయమని నేను ఇప్పటికీ భావిస్తాను.

మొదట నన్ను గుడివాడ దగ్గరి ఒక బియ్యం మిల్లు గుమస్తా కొన్నాడు. అక్కడ తౌడు ధూళిలో, లారీల కాగితాలు ముద్రింపజేస్తూ చాలా ఏళ్ళు గడిపాను. మిల్లు మూతపడ్డాక ఆ కంప్యూటరును పాత సామానుకు కొత్త సామాను ఇచ్చే పథకంలో ఇదే ప్రదర్శనకు తెచ్చి హైమవతి గారికి అప్పగించారు. ఆమె పెట్టె విప్పి, మిగిలినదంతా తుక్కులో వేయించి, నన్ను మాత్రం చీర చెంగుతో తుడిచి పక్కన పెట్టింది. ఆమె బిల్లుల కంప్యూటరుకు ప్రింటరు తగిలించే చోటు లేదు. ఆ చోటు నేనయ్యాను. నా మూతికి తగిలించిన ప్రింటరు కరకరమంటూ కాగితం మీద కాగితం కొడుతుంటే, ప్రదర్శనలో సగం దాకా వినబడేది.

అలా ఏటా ప్రదర్శనకు హాజరవుతూ, జనం పలచబడడం కూడా చూశాను. కొనేవారి చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. వస్తువును ఎత్తి చూడడం పోయి, ఫొటో తీసుకోవడం వచ్చింది. నేను అన్యాయంగా మాట్లాడను. ఏ ప్రదర్శనా జరగని ఊళ్ళకు, బస్సు దిగి మళ్ళీ నడవవలసిన పల్లెలకు, ఆన్‌లైన్ అంగడి గుమ్మం దాకా సామాను చేర్చింది. దానికి సెలవు రోజు లేదు. వచ్చినవారి మొహం చూసి ధర మార్చదు. అది దాని గొప్పతనం. మొహం చూడకపోవడంలో లోపమూ ఉందన్న సంగతి ఆనాటి దాకా నాకూ తెలియదు.

ఆ రోజు ప్రభాకర్ గారు ఒక మౌసు పట్టుకుని, మరో చేత్తో ఫోను చూపిస్తున్నారు.

“మేడమ్, ఇదే మౌసు. ఆన్‌లైన్‌లో ఇంకా చవగ్గా ఉంది.”

“మరి అక్కడే కొనుక్కోకపోయారా? ఇంత ఎండలో ఇక్కడిదాకా ఎందుకొచ్చారు?”

“ఇక్కడైతే పట్టుకుని చూడొచ్చు కదాని.”

“బావుంది! పెళ్ళిచూపులు మా ఇంట్లో, పెళ్ళి వాళ్ళింట్లోనా?”

సాంబశివరావు గారు కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గుగా మార్చుకున్నారు. ఎందుకంటే ప్రభాకర్ గారి జాబితా చిన్నది కాదు. ఒక ప్రయోగశాల మొత్తానికి సరిపడే సామాను. ఆ ఏడాది ప్రదర్శనలో దుకాణానికి దొరికిన పెద్ద బేరం అదొక్కటే. స్టాలు అద్దె గిట్టుబాటు కావాలన్నా, వచ్చే ఏడాది మళ్ళీ ఇక్కడ బల్ల వేయాలన్నా, దాని మీదే ఆధారం. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి జాబితా ఖరారు చేస్తాననీ, సాయంత్రం వచ్చి తీసుకుంటాననీ చెప్పి ఆయన ఒక షరతు పెట్టారు.

“ప్రింటు బిల్లే కావాలి మేడమ్, మూడు కాపీలు. చేతిరాత బిల్లు మా ఆఫీసులో చెల్లదు.”

“మా బావగారి చేతిరాత ఎక్కడా చెల్లదు లెండి. మిషనుందిగా, కొట్టిస్తాం,” అంది హైమవతి.

ఆ ‘మిషను’లో ప్రధాన భాగం నేను. అందుకని నిటారుగా కూర్చున్నాను. నా వంటివాడు అంతకంటే చేయగలిగింది లేదు.

అప్పటికి రాధ వంతు వచ్చింది.

“అక్కా, ప్యారలల్ పోర్టు కార్డుందా? పాతది. లావు ప్రింటరు కేబులు పెట్టేది.”

“అయ్యో, అవెక్కడివమ్మాయ్ ఇప్పుడు? లోపల ఇంకెవర్నైనా అడిగావా?”

“అన్ని స్టాళ్ళూ తిరిగినక్కా. ఆన్‌లైన్‌లో చూసుకోమన్నారు. ఆన్‌లైన్‌లో చూసుకునే ఇక్కడికొచ్చిన.”

ఆ మాటకు వెనక నిలబడ్డ ఎవరో నవ్వారు. రాధ నవ్వలేదు. బరువు మార్చుకుని వెనుదిరగబోయింది. అప్పుడు హైమవతి ఒక మాట అడిగింది. అన్నేళ్ళలో ఆ బల్ల దగ్గర ఆమె వేలసార్లు అడగగా విన్న మాటే అది. అంత మామూలు మాట కనుకనే నేనెప్పుడూ పట్టించుకోలేదు.

“దేనికి?”

రాధ ఆగింది. దుప్పటి మూటను బల్లమీద దించి విప్పింది. లోపల ఒక పాత కంప్యూటరు పెట్టె. దాన్ని బస్సులో భద్రాచలం నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

“నాది డీటీపీ సెంటరక్కా. మా కోయ భాషకు ఒకటో తరగతి వాచకం చేసిన. తెలుగు అక్షరాలే రాస్తం. కానీ మా మాటల్లో గొంతుకాడ ఊపిరి చిటికెడు సేపు ఆగే చోటొకటుంది. ఆడ ఆగకపోతే ఆ మాట ఇంకో మాటైపోద్ది. తెలుగులో దానికి గుర్తు లేదు. అందుకని అక్షరం నెత్తిమీద చిన్న కొక్కెం గీసి, పాత సాఫ్ట్‌వేర్‌లో నేనే ఎక్కించిన.”

“మరేమైంది?”

“ఆ సాఫ్ట్‌వేర్‌కి తాళముంది.” కొంగుముడి విప్పి, అగ్గిపెట్టెంత నల్లటి బిళ్ళ చూపించింది. “ఈ డాంగిల్ పోర్టుకి పెడితేనే తెరుచుకుంటది. మొన్న పిడుగు పడి పోర్టు కాలిపోయింది. మిగతాదంతా బాగానే ఉంది. కొత్త కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే కొక్కెం ఉన్న కాడల్లా ఉత్త డబ్బాలొస్తున్నయి.”

“ఆన్‌లైన్‌లో ఏం వచ్చింది?”

“మొదలు ఒక కేబులు. దాంతో తాళం పలకదు. తర్వాత కార్డే పంపిన్రు. పళ్ళు వేరే, ఇందులో దిగలేదు. పేరొక్కటే, ఫొటో ఒక్కలాగే ఉంది. రంగేదన్నరు, ఎన్ని కావాలన్నరు, పిన్‌కోడు అడిగిన్రు. నాకేం కావాల్నో చెప్పే చోటే లేదక్కా. వాపసు పంపుదామంటే కారణం ఎంచుకోమన్నది. పగిలిందా, ఆలస్యమా, మనసు మారిందా అని. నా కారణం అందులో లేదు. ఏదో ఒకటి నొక్కందే ముందుకు పోనియ్యదు. మనసు మారిందని నొక్కిన.” బిళ్ళను పిడికిట్లో మూసి అంది: “నా మనసు మారలేదక్కా.”

హైమవతి ఆ పెట్టెను తనవైపు తిప్పుకుని, వెనకవైపు కాలిన చోటు చూసింది.

“బడులు తెరిచే వేళైంది. పోయినేడు ఈ వాచకం ఇంకా తయారుగాక, పాత పుస్తకాలకు జిరాక్సులు తీసి ఇచ్చినం. జిరాక్సులో కొక్కెం చెరిగిపోయింది. పిల్లలు వాళ్ళ మాటలు వాళ్ళే తప్పు చదివిన్రు. తప్పు చదువుతున్నరని ఒక పంతులమ్మ బెత్తం కూడా తీసింది. రేపు పొద్దున్నే ప్రెస్సువాళ్ళకు పేజీలియ్యాలి. ఇయ్యకపోతే ఈ ఏడు కూడా జిరాక్సులే.”

హైమవతి రాధను చూసింది. తరువాత ప్రదర్శన ద్వారం వైపు, ప్రభాకర్ గారు వెళ్ళిన దారి వైపు చూసింది. ఆ తరువాత నా పెట్టె వైపు చూసింది. నా జీవితంలో ఒక మనిషి నన్ను అంతసేపు చూడడం అదే మొదలు.

“బావగారూ, కాస్త కుర్చీ జరపండి.”

సాంబశివరావు గారికి వెంటనే అర్థమైంది. “హైమా! ప్రభాకర్ గారి బిల్లుంది! మనకున్న ప్రింటరే ఒకటి!”

“తెలుసు.”

“సాయంత్రం దాకా ఉండమను ఆ అమ్మాయిని. బిల్లు కొట్టేశాక విప్పి ఇద్దాం.”

“మూడింటి బస్సెక్కాలక్కా,” అంది రాధ, నేల చూపులు చూస్తూ. “పోయి పేజీలు తియ్యాలి గదా, రాత్రంతా పడుద్ది.”

“వచ్చే ఏడు మనం ఇక్కడుండొద్దా?” అన్నారు సాంబశివరావు గారు, గొంతు తగ్గించి. అది కోపం కాదు, భయం. దాన్ని నేను తప్పు పట్టను.

“ఉంటే ఉంటాం. లేకపోతే ఇంట్లో కూచుని అమ్ముదాం. ముందిది చెక్ చేసి చూడనివ్వండి.”

ఆమె స్విచ్చి ఆపింది. ప్రింటరు గొంతు మూగబోయింది. స్క్రూ తీసి, రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని నన్ను పైకి లాగింది. అన్నేళ్ళ తరువాత వెలుతురు చూశాను. రాధ తెచ్చిన పెట్టెలో, ఖాళీ గాడిలో నన్ను దించింది. పళ్ళు సరిగ్గా కూర్చున్నాయి. బిల్లుల కంప్యూటరు తెరను ఆమె ఈ పెట్టెకు తగిలించింది. ఆ నల్లటి తాళపు బిళ్ళ నా మూతికి తగిలింది. అంతవరకు నేను మోసింది లారీ నంబర్లనూ, మౌసుల ధరలనూ. ఆ బిళ్ళ నన్ను ఒక ప్రశ్న అడిగింది. నేను దాన్ని లోపలికి చేరవేసి, జవాబు తెచ్చి అప్పగించాను. నా పని అంతే.

తెర వెలిగింది. ముందు నీలం రంగు, తరువాత అక్షరాలు. హైమవతి కళ్ళజోడు సవరించుకుంది. వాచకం మొదటి పుట. ఒక అక్షరం నెత్తిమీద చిన్న కొక్కెం.

రాధ తెరను వేలితో తాకింది. ఆ మాటను మెల్లగా పలికింది. నడుమ చిటికెడు సేపు ఆగింది. పక్క స్టాలువాళ్ళు కూడా మెడలు సాచి చూశారు. ఏ ప్రదర్శనలోనూ నేను అటువంటి పరీక్ష నెగ్గలేదు.

“ఎంతియ్యాలక్కా?”

“పాత సామానుకు ధరేంటి? పుస్తకం అచ్చయ్యాక ఒకటి పంపు. ఆ, జాగ్రత్త, బస్సులో పెట్టె పడుకోబెట్టకు, నిలబెట్టే పట్టుకో.”

సాయంత్రం ఏం జరిగిందో నేను చూడలేదు. అప్పటికి నేను దుప్పటిలో, రాధ ఒడిలో, పాల్వంచ దాటి పోతున్నాను. తెల్లారేసరికి పేజీలన్నీ వెళ్ళాయి. బడులు తెరిచిన వారంలోనే పుస్తకాలు చేరాయి.

కొన్నాళ్ళకు రాధ ఫోను మోగింది. ఆమె స్పీకరు పెట్టి పని చేసుకుంటూ ఉండడం వల్ల నేనూ విన్నాను. హైమవతి గొంతు.

“అమ్మాయ్, పుస్తకం వచ్చింది. నాకు అర్థం తెలీదనుకో, కానీ అక్షరాలు తెలుసుగా. చదువుతాను, విను.” ఆమె ఒక్కో మాటే కూడబలుక్కుంటూ చదివింది. “ఆ కొక్కెం దగ్గర ఆగాను. సరిగ్గానే ఆగానా?”

“సరిగ్గా ఆగినవక్కా,” అంది రాధ. ఆమె చేతులు అప్పటికి పని మానేశాయి.

వెనకనుంచి సాంబశివరావు గారి గొంతు వినబడింది. “ఆ కాలేజీ వాళ్ళు పక్క స్టాల్లో కొనుక్కున్నారని కూడా చెప్పు!”

“మీరూరుకోండి బావగారూ. ఫోన్లో పాఠం అప్పజెబుతున్నా.”

మరుసటి వేసవి ప్రదర్శనలో హైమవతి గారి బల్ల లేదని రాధ తిరిగి వచ్చి చెప్పగా విన్నాను. ఇంట్లోంచే అమ్ముతున్నదట. ఎవరు ఫోను చేసినా ముందు ‘దేనికి?’ అని అడుగుతున్నదట. ఇప్పుడు ఆ కొక్కెం కొత్త కంప్యూటర్ల అక్షరాల్లోనూ చేరింది. దానికి తాళం అవసరం లేదు, నా అవసరమూ లేదు. రాధ నన్ను తీసి, చీర చెంగుతో తుడిచి, వెండి రంగు సంచిలో పెట్టి, వాచకం తొలి ప్రతి పక్కన అలమరలో ఉంచింది. నాకు ఫిర్యాదు లేదు.

కనుక, తుప్పు నా పళ్ళను చేరకముందే ఈ మాట నమోదు చేస్తున్నాను. విజయవాడ ప్రదర్శనలో, తన బేరం పోతుందని తెలిసి కూడా, నడుస్తున్న తన యంత్రాన్ని ఆపి, అందులోని నన్ను స్వహస్తాలతో తీసి, భద్రాచలం వాస్తవ్యురాలు కుంజా రాధకు ఇచ్చినవారు శ్రీమతి బొల్లిముంత హైమవతి. అంతకు ముందు, దేనికి అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా విన్నవారు కూడా ఆమే. ఈ రెండు కార్యాలకూ నేను సాక్షిని. ఆమెకు నా గౌరవపూర్వక కృతజ్ఞతలు.