పెద్దాయన హస్తవాసి

ఆ ల్యాబ్‌లో ఓ ఆచారం ఉండేది. గర్భం నిలవని ఆడవాళ్ల రక్తం నుంచి తీసిన డీఎన్ఏ గొట్టాలు వస్తే, వాటి మూతలు మొదట పెద్దాయనే తియ్యాలి. ఆయన హస్తవాసి అలాంటిదని అందరి నమ్మకం. పిల్లల్ని చక్కగా కన్నవాళ్ల గొట్టాలకీ, పోల్చి చూడ్డానికి పెట్టే నీళ్ల గొట్టానికీ అంత భాగ్యం లేదు. వాటిని విద్యార్థులు చేతి తొడుగులేసుకుని తీసేవాళ్లు. పెద్దాయనకి తొడుగులంటే చిరాకు. గడ్డం గోక్కుంటూ, గొట్టం మీదకి వంగి కబుర్లు చెబుతూ, బొటనవేలితో టప్పున మూత లేపేవాడు.

ఆ ల్యాబ్‌లో విద్యార్థినిగా చేరిన ఆమె, ఆ చేతి కిందే ఇరవై రెండేళ్లు పనిచేసింది. మగవాళ్లలో మాత్రమే ఉండే వై క్రోమోజోము ముక్క ఒకటి ఈ ఆడవాళ్ల రక్తంలో దొరుకుతోందనీ, అది ఉన్నవాళ్లకి బిడ్డ నిలవదనీ ఇద్దరూ కలిసి లోకానికి చాటారు. ఆమె డాక్టరేటూ, ఆయన సన్మానాలూ అన్నీ ఆ ముక్క పెట్టిన భిక్షే. ఆసుపత్రులు కూడా నమ్మి, పరీక్షకి గొట్టాలు పంపడం మొదలెట్టాయి.

ఈ ఏడాది పెద్దాయన భుజానికి ఆపరేషనై మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఆ మూడు నెలల్లో విద్యార్థులే మూతలు తీసిన నలభై మంది గొట్టాల్లో ఒక్కదాంట్లోనూ ఆ ముక్క కనపడలేదు. ఆమె యంత్రం చెడిందనుకుంది, మందులు పాతబడ్డాయనుకుంది. అన్నీ మార్చింది. ఆయన తిరిగొచ్చిన వారంలోనే ముక్క మళ్లీ ప్రత్యక్షం. అప్పుడామెకి పెద్దాయన చేతి మీదే అనుమానం వచ్చింది.

పన్నెండు గొట్టాల్లో ఉత్త నీళ్లు పోసి, పేషెంట్ల నంబర్లు అంటించి ఆయన ముందు పెట్టింది. పెద్దాయన ఎప్పట్లాగే గడ్డం గోక్కున్నాడు. నల్ల బల్ల మీద తెల్లగా పొట్టు, మగవాడి చర్మపు పొట్టు, రాలింది. ఇన్నేళ్లూ కళ్ల ముందే రాలుతున్న ఆ పొట్టుని ఆమె ఆ రోజే చూసింది. మర్నాడు పన్నెండింటిలో పదకొండు గొట్టాలు ముక్క ఉందన్నాయి. నీళ్లకి కూడా గర్భం నిలవదన్నమాట.

ఆ ఫలితాల కాగితం తీసుకెళ్లి ఆయన ముందు పడేసింది. ఆయన చదివి, కళ్లజోడు తుడుచుకుని, తనకింకా ఏడాదే సర్వీసుందనీ, సైన్సులో పొరపాట్లు మామూలేననీ, మెల్లగా సర్దుకోవచ్చనీ నీళ్లు నమిలాడు. ఆమె ఒప్పుకోకపోయేసరికి అసలు మాట బయటపెట్టాడు.

"నేను మునిగితే నువ్వు గట్టున ఉంటావా అమ్మాయ్? మొదటి పేపరు మీద నీ పేరే ముందుంది."

అంటూ మళ్లీ గోక్కున్నాడు. పొట్టు ఆ కాగితం మీదే పడింది. ఆమె కాగితం దులిపి వెనక్కి లాక్కుంది. ఆమె అసహ్యంలో ఆయన మీద సగమే. మిగతా సగం తన మీద. ఇన్నేళ్లలో ఆయన మూత తీసిన గొట్టాల్లో ఒకటి ఆమె సొంత చెల్లెలిది.

చెల్లెలికి రెండుసార్లు గర్భం పోయింది. పదిహేడేళ్ల కిందట అక్కే పట్టుబట్టి పరీక్ష చేయించింది. ఆ రోజు పెద్దాయన ఏదో మీటింగుకి బయల్దేరుతుంటే వరండాలో ఆపి మరీ, మా చెల్లెలిది సార్, మీ చేత్తోనే తియ్యండని బతిమాలింది. ముక్క ఉందని తేలింది. ఇంక ఆశ పెట్టుకోవద్దని నచ్చజెప్పిందీ ఆమే. చెల్లెలు మందులు మానేసింది. ఎవరి పసిబిడ్డనీ ఎత్తుకోవడం కూడా మానేసింది.

ఆ సాయంత్రమే చెల్లెలింటికెళ్లి, గుమ్మంలో నిలబడే, వరండాలో తను బతిమాలిన సంగతితో సహా మొత్తం చెప్పేసింది. చెల్లెలు ఇస్త్రీ పెట్టె నిలబెట్టి స్విచ్చి ఆపింది.

"అయితే నాలో ఏ లోపమూ లేదా?"

"ఆ లోపం లేదు. ఇంకేదన్నా ఉందేమో మేం చూడనేలేదు."

"పదిహేడేళ్లు నేను ఏడ్చింది ఆయన గడ్డం పొట్టుకా అక్కా?"

ఆమె తలూపి దగ్గరికి వెళ్లబోయింది. చెల్లెలు చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టుకోకు. నాలాంటివాళ్లు ఎంతమంది?"

"ఆరు వందల పైన. ఆసుపత్రులన్నిటికీ రేపు ఉత్తరం రాస్తున్నా. పేర్లుండవు, గొట్టాల నంబర్లే వేస్తాను."

"రేపెందుకు?"

చెల్లెలు మడతపెట్టిన బట్టలు పక్కకి తోసి, ఇస్త్రీ బల్ల మీద కాగితమూ పెన్నూ పెట్టింది.

"ఇక్కడే రాయి. నా నంబరు మొదట వెయ్యి. ఆ మూత ఎవరు తియ్యమన్నారో అది కూడా రాయి."