తీతువుకు ఎర్ర ట్యాగ్

2023 ఫిబ్రవరి 19, ఆదివారం పొద్దున ఆరుంబావుకు షార్జా దగ్గర సజ్జాలోని ఒక లేబర్ క్యాంపులో, మెస్సు వెనక, తీతువు పిట్ట గుడ్డు పెట్టింది. టమాటా మడికి జానెడు దూరంలో, కంకర మీద. గూడంటూ ఏమీ లేదు. నాలుగు రాళ్లు పక్కకు జరిపింది, అంతే.

చూసినవాడు హన్మాండ్లు. ఊరు జగిత్యాల దగ్గర. పని పిల్లర్లకు ఇనుప చువ్వలు కట్టడం. ఈ క్యాంపులో పదకొండో ఏడు. ఆ పొద్దు అతను పార పట్టుకుని వచ్చింది మడి పీకేయడానికే. సోమవారం నుంచి మెస్సు వెనకంతా ఇంటర్‌లాక్ రాళ్లు పరుస్తారని క్యాంప్ బాస్ అమీర్ జాన్ వారం కిందటే చెప్పాడు. రాళ్లు వచ్చి గోడవారగా పేర్చి ఉన్నాయి.

ఆ మడి హన్మాండ్లుకు ఒక్క ఏట కుదిరింది కాదు. మొదటి ఏడు ఊరి లెక్కన మృగశిర కార్తె చూసి పుంటికూర విత్తనాలు చల్లాడు. జూన్ ఎండకు మొలకలు మూడో రోజే మాడిపోయాయి. ఇక్కడ పంటకాలం చలికాలమని తెలియడానికి ఇంకో ఏడు పట్టింది. అప్పటినుంచి దసరా దాటాక విత్తడం, ఉగాది దాటాక ముగించడం. నమాజు గది బయట వజూకు కాళ్లు చేతులు కడుక్కునే కుళాయిల నీళ్లను గొట్టంతో మడికి మళ్లించాడు. నీళ్లున్న చోటికి పిట్టలు వచ్చాయి. పిచ్చుకలు, గోరింకలు, పిగిలిపిట్టలు. టమాటాలు పొడిచాయని పిగిలిపిట్టలను తిట్టేవాడు, తిట్టి అన్నం మెతుకులు వేసేవాడు.

పార గోడకు ఆనించి ఊళ్లో ఉన్న భార్య సాయవ్వకు ఫోన్ చేశాడు. తీతువు ఇంటి మీదుగా కూస్తే కీడని ఆమె గుర్తు చేసింది. ఇది కూయలేదు, కూర్చుందని అతను చెప్పాడు. కూర్చున్నదాన్ని లేపొద్దని ఆమె అంది.

గదిలో పక్క మంచం అంజిది. సైట్లో స్కాఫోల్డింగ్ కట్టే పని.

"పిట్ట పేరు చెప్పి టమాటలు కాపాడుకుంటున్నవ్ కాకా."

"ఆ టమాటలు తినేది నువ్వే గదరా."

 సాయంత్రం అంజి తన సంచిలోంచి ఎరుపు తెలుపు చారల టేపు ముక్క, ఒక ఎర్ర ట్యాగ్ తీసి ఇచ్చాడు.

సైట్లో ప్రమాదం ఉన్న చోట ఆ టేపు చుట్టి ఆ ట్యాగ్ తగిలిస్తారు. సేఫ్టీ ఆఫీసర్ సంతకం లేకుండా దాన్ని ఎవరూ దాటరు, తీయరు. తీస్తే వార్నింగ్ లెటర్. పర్మిట్ లేకుండా కట్టినా వార్నింగ్ లెటరే. పదకొండేళ్లలో హన్మాండ్లుకు ఒక్క లెటర్ రాలేదు. నాలుగు చువ్వలు పాతాడు, టేపు చుట్టాడు, ట్యాగ్‌ను కట్టుతీగతో రెండు మెలికలు వేసి బిగించాడు.

సోమవారం ఏడింటికి రాళ్లు పరిచే వాళ్లు ఆరుగురు వచ్చారు, టేపు చూసి ఆగారు. అమీర్ జాన్ వచ్చాడు. అతనిది కడప.

"ఎవురప్పా దీన్ని కట్టింది?"

 తీసేయడానికి అతని సంతకం చెల్లదు. ఆరుగురూ అవతలి చివర నుంచి పని మొదలుపెట్టారు. అమీర్ జాన్ సేఫ్టీ ఆఫీసుకు ఫోన్ చేశాడు.

మంగళవారం సాయంత్రం పని దిగాక సేఫ్టీ ఆఫీసర్ ప్రసన్నకుమార్ వచ్చి టేపు దాటాడు. తీతువు లేచి అతని హెల్మెట్ మీదికి రెండుసార్లు వచ్చింది. అతను వెనక్కి తగ్గాడు.

"సార్, కాలు కదిలియ్యకుండ్రి," అన్నాడు హన్మాండ్లు. "బూటు పక్కన సూడుండ్రి."

బూటుకు బెత్తెడు దూరంలో రెండు గుడ్లు. కంకర రంగే. ప్రసన్నకుమార్ వంగి చూశాక గాని కనపడలేదు. అడుగు చూసుకుంటూ బయటికి వచ్చాడు.

"ట్యాగ్ కట్టింది నువ్వేనా?"

హన్మాండ్లు అంజి వైపు చూడలేదు. "నేనే సార్."

"పర్మిట్ ఉందా?"

"లేదు సార్."

"ప్రమాదం ఏంటో రాయాల్సిన గడి ఖాళీగా ఉందయ్యా. ఏం రాయమంటావ్?"

"ఇప్పుడు మీరు తొక్కేటోళ్లు సార్. అదే రాయుండ్రి."

వెనక ఎవరో నవ్వారు. ప్రసన్నకుమార్ కలం తీసి, ఎన్ని రోజులు కావాలని అడిగాడు. ఇంకో రెండు గుడ్లు పెడుతుందని, ఆఖరిది పెట్టాక ఇరవై ఎనిమిది రోజులని హన్మాండ్లు చెప్పాడు. ప్రసన్నకుమార్ ట్యాగ్ మీద మార్చి 26 వరకు అని రాసి సంతకం పెట్టాడు. ఇంకోసారి కట్టే ముందు అడగమన్నాడు. లెటర్ ఇవ్వలేదు.

"నెల దినాలా సార్?" అన్నాడు అమీర్ జాన్. "ముదీర్‌కు ఏం జెప్పల్ల నేను?" ముదీర్ అంటే పై మేనేజర్.

"సేఫ్టీ మూసిందని చెప్పండి."

"ఖలాస్," అని అమీర్ జాన్ ఆరుగురినీ వేరే క్యాంపుకు పంపించాడు.

ఫిబ్రవరి 24న నాలుగో గుడ్డు వచ్చింది. పని నుంచి దిగాక మనుషులు మెస్సు వెనక కూర్చోవడం మొదలుపెట్టారు. కంకర గుచ్చుకుంటోందని పేర్చిన రాళ్లలోంచి తలా రెండు తెచ్చి వేసుకున్నారు. మార్చిలో ఎండ ముదిరింది. మధ్యాహ్నాలు తీతువు గొట్టం దగ్గరికి వెళ్లి పొట్ట తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చునేది. సెలవు రోజున అది ఎన్నిసార్లు వెళ్లిందో అంజి లెక్కపెట్టాడు. పద్నాలుగు. టమాటాలు పండాయి. పచ్చడి ఆరు గదులకు వెళ్లింది. మార్చి 23న రంజాన్ మొదలైంది. మొదటి ఇఫ్తార్‌కు అమీర్ జాన్ నాలుగు టమాటాలు అడిగి తీసుకున్నాడు.

మార్చి 24, శుక్రవారం మూడు గుడ్లు పగిలాయి. నాలుగోది పగల్లేదు. మర్నాటికి మూడు పిల్లలూ తల్లి వెనక గొట్టం దాకా నడిచాయి. 26న హన్మాండ్లు టేపు విప్పి, ట్యాగ్‌ను అంజికి తిరిగి ఇచ్చాడు.

27, సోమవారం ఏడింటికి ఆరుగురూ వచ్చి మిగిలిన రాళ్లు పరిచారు. పదకొండున్నరకు రాళ్లు అయిపోయాయి. పరిచిన రాళ్లు మడికి మూడు అడుగుల ఇవతలే ఆగిపోయాయి. అమీర్ జాన్ లెక్క చూస్తే అరవై రెండు తగ్గాయి.

ఆ సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక అంజి తన మంచం కింది నుంచి రెండు రాళ్లు తెచ్చి వేసుకుని మడి పక్కన కూర్చున్నాడు. అమీర్ జాన్ ఇంకో రెండింటి మీద కూర్చున్నాడు.