ఉగ్రవాణి మేడమ్ కొంగుపోగు

పటమటలో ఆ వీధివాళ్లు కొత్త చీర కొంటే ముందు బాలత్రిపురసుందరికి చూపించాలి. పెడన మగ్గాల చప్పుళ్ల మధ్య పుట్టి, కోటిలింగం గారిని కట్టుకుని ఆయన నేతచీరల కొట్టుకు వచ్చిన మనిషి ఆవిడ. కొంగు రెండు వేళ్లతో నలిపి అసలో నకిలీయో చెప్పేస్తుంది. అంతటి మనిషి అరవై రెండో ఏట మంత్రాల బడి కథల్లో పడిందంటే ఆ పాపం పైవాటాలో డిగ్రీ చదివే సుస్మితది. మోకాళ్ల నొప్పులకు కాలక్షేపంగా ఉంటుందని, కొట్టులో వాడి వదిలేసిన పాత ఫోన్‌లో కథల యాప్ పెట్టి ఇచ్చింది.

అందులో ‘మాయాలంక గురుకులం’ అని ఒక సీరియల్. కృష్ణా నది నడిమధ్యలో ఎవరికీ కనబడని లంక, పంటు ఎక్కి ఏరు దాటి వెళ్లి మంత్రాలు నేర్చుకునే పిల్లలు. సుందరి మొదట మూతి విరిచింది. ఏరు దాటే మంత్రమే రానివాళ్లు ఆకాశంలో ఏం ఎగురుతారని సుస్మితను నిలదీసింది. నెల తిరిగేసరికి, శుక్రవారం సాయంత్రం కొత్త భాగం రాకపోతే ఆవిడకు అన్నం సయించడం మానేసింది.

పంతొమ్మిదో భాగంలో హాస్టల్ వార్డెన్ ఉగ్రవాణి మేడమ్ దిగింది. దిగడం దిగడమే కొత్తగా చేరిన పిల్ల కొంగు పట్టుకుని నలిపింది. ఒక పోగు లాగి అందరి ముందూ మంత్రాగ్నిలో కాల్చింది. పోగు బూడిద కాలేదు, కరిగి గట్టి పూస కట్టింది. చీర నకిలీదని తేలిపోయింది. “మనుషులు చెప్తారమ్మా అబద్ధాలు, పోగు చెప్పదు” అంది ఉగ్రవాణి.

సుందరి చేతిలో ఫోన్ ఒళ్లోకి జారింది. ఆ మాట తనది. ఎనిమిదేళ్ల కిందట కంకిపాడులో కొడుకు పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు, పదిమంది ముందు ఇప్పుడు కోడలైన మాధురి పట్టుచీర కొంగులోంచి పోగు లాగి కాల్చి మరీ అన్న మాట. ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లలో ఇలా రాయగలిగింది ఒక్కరే. కోడలు మధ్యాహ్నాలు గది తలుపేసుకుని ఆఫీసు పనంటున్నది ఇదన్నమాట.

కథ కింద పాఠకుల వ్యాఖ్యలు నాలుగొందలు ఉన్నాయి. ఉగ్రవాణిని బల్లిని చేయమని ఒకరు, గోంగూరతో కలిపి రోట్లో నూరమని ఇంకొకరు. ఆఖర్న రచయిత్రి ఓటింగ్ పెట్టింది. ఉగ్రవాణిని లంకలోంచి వెళ్లగొట్టాలా, ఉండనివ్వాలా? గడువు వచ్చే శుక్రవారం.

సుందరి ఉండనివ్వాలని ఓటేసింది. సుస్మిత చేత వేయించింది. కోటిలింగం గారు స్నానానికి వెళ్తే ఆయన కొత్త ఫోన్లోంచీ వేసింది. ఇంతా చేస్తే నూటికి తొంభైమంది గెంటేయమనే అన్నారు.

ఇక మంచితనం ఒక్కటే మార్గమనుకుంది. మర్నాడు ఉప్పు మరిచిపోయిన పప్పు తిని అమృతంలా ఉందంది. ఆ తర్వాత రోజు కోడలు పవర్‌లూమ్ చీర కట్టుకుంటే రంగు బాగుందంది. ఆ మాటకు కొడుకు వేణుగోపాల్ హడలిపోయి తల్లిని బీపీ చూపించడానికి తీసుకెళ్లాడు. మాధురి రాగిజావ కాచి తెచ్చి, ఒంట్లో ఎలా ఉందత్తయ్యా అని మెల్లగా అడిగింది. సుందరి జావ గ్లాసు పక్కన పెట్టేసింది. ఎనిమిదేళ్లలో ఈ పిల్ల ఒక్కసారి కూడా ఆ ఊసెత్తకపోతే మరిచిపోయిందనే అనుకుంది. మరిచిపోయింది తనేనని ఇప్పుడు తెలిసి సిగ్గేసింది.

గురువారం మధ్యాహ్నం ఒంటివేలితో గంటసేపు తంటాలుపడి కథ కింద తనూ ఒక వ్యాఖ్య రాసింది. “ఉగ్రవాణి ఆ రోజు పోగు చూసింది, పిల్ల మొహం చూడలేదు. తప్పు ఆవిడదే. ఎదురుగా ఒప్పుకుందామంటే పెద్దరికం అడ్డొస్తోంది. దయచేసి వెళ్లగొట్టకండి. ఇట్లు, ఒక పాఠకురాలు.” పేరు రాయలేదు కాబట్టి ఎవరూ పోల్చుకోలేరని ధీమాగా పడుకుంది.

శుక్రవారం ఉదయం వరండాలో బియ్యం ఏరుతుంటే మాధురి వచ్చి పక్కన కూర్చుంది. ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో అగ్గిపెట్టె. ఫోన్ అత్తగారి ముందు పెట్టింది. ‘ఒక పాఠకురాలు’ రాసిన వ్యాఖ్య మీద, కొట్టు బోర్డు ఫొటోతో సహా, ‘కోటిలింగం చేనేత వస్త్రాలయం, పటమట’ అని పెద్దక్షరాలతో ఉంది. పాత ఫోన్లో ఉన్న పేరునే యాప్ పట్టుకుంది మరి.

సుందరి బియ్యంలో లేని రాళ్లు ఏరుతూ కూర్చుంది.

“కొంగు ఇటివ్వండత్తయ్యా.”

సుందరి కొంగు గుప్పిట్లో బిగించింది. మోకాళ్లు మొరాయించాక నేతచీరలకు గంజి పెట్టడం ఆవిడ వల్ల కాలేదు. నిరుడు ఎవరికీ తెలియకుండా ఇస్త్రీ అక్కర్లేని పాలిస్టర్ మిక్సు చీరలు నాలుగు కొనుక్కుంది. నేతవేనని ఇంట్లో అందరినీ నమ్మించింది. ఒంటి మీదున్నది అందులో ఒకటి.

అయినా కొంగు ఇచ్చింది. మాధురి రెండు వేళ్లతో నలిపి, ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీసింది. పోగు ముడుచుకుపోయి గట్టిగా పూస కట్టింది.

“పోగు అబద్ధం చెప్పదు కదా” అంది మాధురి, నవ్వు ఆపుకుంటూ.

“మీ మావయ్యకు చెప్పమాక” అంది సుందరి. బియ్యం చేట పక్కకు జరిపి, “ఆ రోజు నీ మొహం చూడాల్సింది అమ్మాయ్. చూసుంటే ఆ పుల్ల గీసేదాన్ని కాదు” అంది.

మాధురి నవ్వు ఆగిపోయింది. కళ్లు తుడుచుకుంది. ఓట్లెట్లా ఉన్నయ్యని సుందరి గొణిగింది. గెంటేయమనేవాళ్లే ఎక్కువని కోడలు చెప్పింది.

“మరి?”

“రాసేది నేను కదత్తయ్యా.”

ఆ పూసను కొంగున ముడేసుకుని, సాయంత్రంలోగా కొత్త భాగం రాసెయ్యాలంటూ మాధురి గదిలోకి వెళ్లింది. తలుపు మాత్రం వేయలేదు.