నిండుకుంది

ఉప్పు జాడీలో చెయ్యి పెడితే హనుమాయమ్మ వేళ్లకు అడుగు తగిలింది. మామూలు రోజైతే అక్కడి నుంచే, "అత్తయ్యా, ఉప్పు నిండుకుంది" అని కేకేసేది. ఆ పూట నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. జాడీ తీసుకెళ్లి వసారాలో కూర్చున్న అత్త భద్రమ్మ ముందు పెట్టి, మూత తీసి చూపించి ఊరుకుంది.

"నోరు పడిపోయిందా?" అంది భద్రమ్మ. "తెరవాల్సిన చోట మూసుకుంటావు, మూసుకోవాల్సిన చోట తెరుస్తావు. అందుకేగా కొంప మీదికి తెచ్చావు."

హనుమాయమ్మ జాడీకి మూత పెట్టబోయింది. వీధిలో జట్కా ఆగిన చప్పుడైంది. చేతిలోని మూత జారి కిందపడింది. జట్కా వచ్చింది పక్కింటికి. నూలు కంట్రోలు ఆఫీసరు వచ్చి వెళ్లిన దగ్గర్నుంచీ ఏ చప్పుడైనా ఆమెకు పోలీసుల చప్పుడే.

నిజానికి నిండుకుందనే మాట ఆమె సొంతం కాదు. అత్తగారు పెట్టిన మాట. కాపురానికొచ్చిన కొత్తలో ఓ పొద్దున డబ్బా వంచి చూసి, "బియ్యం లేవత్తయ్యా" అంది. భద్రమ్మ చేతిలో గరిట చేతిలోనే ఉంది. తిప్పి మూతి మీద కొట్టింది. "వర్తకుల ఇంట్లో లేదనే మాట అంటావుటే? లక్ష్మి విన్నదంటే గడప దాటిపోతుంది. నిండుకున్నాయి అనాలి." పెదవి వాపు తగ్గేలోపు మాట వంటబట్టింది. అప్పటి నుంచీ ఆ ఇంట్లో నూనె నిండుకునేది, పసుపు నిండుకునేది, దీపంలో చమురు నిండుకునేది. సాయంత్రానికి ఆమె ఒంట్లో ఓపిక కూడా నిండుకునేది. అది మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. ఎందుకంటే మిగతావన్నీ బజారు నుంచి తెప్పిస్తారు.

బెజవాడ పాత ఊళ్లో ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్టు మీద ఆమె భర్త మార్కండేయులు పేరు. మిల్లు నూలు తెప్పించి నేతగాళ్లకు పంచి, నేసిన బట్ట తీసుకుని అమ్ముతాడు. పొద్దున్నే నూలుకు పెట్టే గంజి కాచేది ఆమె, చిక్కుపడ్డ నూలు చిలపలు విడదీసేది ఆమె, కండెలు చుట్టేది ఆమె. దానికి కూలి అడిగే ఆలోచన ఆమెకూ రాలేదు, ఇచ్చే ఆలోచన ఆయనకూ రాలేదు. ఇదే పని నేతగాళ్ల ఇంటి వీరమ్మ చేస్తే కూలి, హనుమాయమ్మ చేస్తే కాపురం. వర్తకం తెలిసినవాళ్లెవరైనా ఈ తేడా ఎక్కడ పుట్టిందో ఒక్కసారి ఆలోచించాల్సిందే.

యుద్ధం వచ్చాక నూలుకు కంట్రోలొచ్చింది. ఎవరికి పడితే వాళ్లకు నూలు దొరకదు. గవర్నర్‌పేటలోని వర్తక సంఘం సర్కారు నుంచి నూలు తెచ్చి, సభ్యులకు వాటాలు వేస్తుంది. ఊళ్లో అందరూ దాన్ని ఛాంబరనేవారు. ఉన్నది చెప్పుకోవాలి. ఆ సంఘం లేకపోతే చాలా కొట్లకు అప్పటికే తాళాలు పడేవి. రైల్లో సరుకు ఆగిపోతే వాళ్లే వెళ్లి విడిపించేవారు. కలెక్టరుకు అర్జీలు వాళ్లే రాసేవారు. సభ్యుడు ఇరుక్కుంటే కార్యదర్శి రామకోటేశ్వరరావుగారు కండువా సర్దుకుని బయల్దేరేవాడు. సంఘం వర్తకులను నిలబెట్టింది. ఆ సంఘం కూర్చున్నప్పుడల్లా కాఫీ మాత్రం హనుమాయమ్మ వంటింటి నుంచి వెళ్లేది. "మన కాఫీ లేనిదే మీటింగు మొదలవదే" అని మార్కండేయులు గర్వంగా చెప్పేవాడు. మన కాఫీ అనేవాడు. ఆ హాలు ఎలా ఉంటుందో ఆమె ఒక్కనాడూ చూడలేదు.

ఇక ఆ రోజు సంగతి. మార్కండేయులు చల్లపల్లి వైపు మగ్గాల ఊళ్లకు వెళ్లాడు. గదిలో నూలు పోచ లేదు, సంఘం వాటా ఇంకా రాలేదు. అప్పుడు దిగాడు కొత్త ఆఫీసరు. తెలుగు మాట్లాడని దక్షిణ జిల్లా నుంచి బదిలీ మీద వచ్చినవాడు, తెలుగు పుస్తకం చదివి నేర్చుకున్నవాడు. అంతకు కొద్దిరోజుల ముందే ఒక వర్తకుడు తవుడు బస్తాల కింద నూలు దాచి అతని చేతికి చిక్కాడు. అప్పటి నుంచి బెజవాడ వర్తకుడు ఏం చెప్పినా అతని చెవికి అబద్ధంగానే వినిపించేది.

తలుపు చాటు నుంచి హనుమాయమ్మ, "ఆయన ఊళ్లో లేరండీ" అంది.

"అమ్మా, మీ వద్ద నూలు ఎంత ఉన్నది?"

"నిండుకుందండీ."

అతను తలెత్తాడు. "నిండుకున్నదా? నిజముగా?"

"నిజంగానేనండీ. పూర్తిగా నిండుకుంది. గది చూస్తే మీకే తెలుస్తుంది."

"తాళపుచెవి?"

"ఆయన మొలతాడుకుంటుందండీ."

అతను రాసుకుని వెళ్లిపోయాడు. ఎంత మర్యాదస్తుడో అనుకుంది ఆమె. మర్నాడు నౌకర్లను వెంటబెట్టుకుని వచ్చేసరికి మార్కండేయులు తిరిగొచ్చి ఉన్నాడు. గది తెరిచాడు. ఖాళీ గోడలు.

"నిన్న నిండిన గది నేడు శూన్యముగా ఉన్నది. రాత్రికి రాత్రి నూలు ఎచటికి పోయినది? బ్లాకు మార్కెటుకా?"

"అయ్యయ్యో, నిండుకుందంటే అయిపోయిందనండీ!" అన్నాడు మార్కండేయులు.

"నిండుట అనగా నిండుట. దొరికిన పిమ్మట అర్థము మార్చుచున్నారా? పలికిన స్త్రీని మీ సంఘము హాలునకు విచారణకై తీసుకొనిరండు."

ఆ సాయంత్రమే రామకోటేశ్వరరావుగారు ఇంటికొచ్చాడు. హనుమాయమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి విన్నది.

"ఊరంతా వెళ్లి అర్థం చెప్పినా వినేలా లేడోయ్ మార్కండేయులూ. వర్తకులందరూ ఒకే గూటి పక్షులంటాడు. పట్టుదల మనిషి, నీ తెలుగు తప్పంటే ఒప్పుకోడు. కేసైతే నువ్వు జైలుకెళ్తావు, నీ వాటా పోతుంది. నీ ఒక్కడితో ఆగదు, సంఘం వాటా మొత్తం ఆపేస్తానంటున్నాడు. నీ కింద మగ్గాలు, నా కింద మగ్గాలు, అన్నీ పడుకుంటాయి."

"మరేం చెయ్యమంటారు రావుగారూ?"

"ఒక దారుంది. మీ ఆవిడకి మతి స్థిమితం లేదని సంఘం తరఫున కాగితం రాసిద్దాం. అప్పుడు ఆవిడ అన్న మాటకు విలువ లేదు. అతని తెలుగుకీ మచ్చ లేదు, మనకీ నష్టం లేదు. నువ్వు సంతకం పెట్టు. ఆవిడ హాలుకొచ్చి తల వంచుకు కూర్చుంటే చాలు, నోరు మెదపకుండా."

మొగుడు కాదంటాడేమోనని ఆమె గుమ్మం దగ్గర నుంచి ఒక అడుగు ముందుకేసింది.

"కలం ఇటివ్వండి" అన్నాడు మార్కండేయులు.

రావుగారు వెళ్లాక భద్రమ్మ కోడలితో, "పిచ్చంటే ఏం పోయిందే? ఒంటికి అంటుకుంటుందా ఏమన్నా? మొగుడు జైలుకెళ్లడం కంటే నయం కాదూ?" అంది.

ఏం పోతుందో హనుమాయమ్మకు తెలుసు. ఆమె పినతల్లి పేరమ్మకు ఇలాగే ఒకసారి మతి లేదన్నారు. మరిది ఆమె పొలం అమ్మేశాడు. అదేమని బజార్లో అడిగింది. పరువు కాపాడుకోవడానికి, దానికి మతి లేదులెండి అన్నారు. ఆ పూటకు అవసరమై అన్న మాటే. తర్వాత వెనక్కి తీసుకోవడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. ముందు తాళాల గుత్తి తీసుకున్నారు. తర్వాత పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, నిప్పు పెట్టుకుంటుందేమోనని. తర్వాత పెరటి గది. కడుపులో నొప్పని కేకలేస్తే పిల్లలు నవ్వేవాళ్లు. నిజంగానే నొప్పి అని తేలింది పెరటి గది నుంచి శవాన్ని బయటికి తెచ్చాక. బట్ట మీద మరకైతే చాకలికి వేయవచ్చు. ఆడదాని మీద పిచ్చి అనే ముద్ర వేస్తే దాన్ని ఉతికే రేవు ఎక్కడా కనపడదు.

అలాగని మొగుణ్ణి జైలుకు పంపుతుందా? అదీ భయమే. పొద్దున పెరటి తలుపు దగ్గరికి వీరమ్మ వచ్చి, "నూలొచ్చిందా అమ్మగారూ? మగ్గం మీద బూజు పట్టింది, పిల్లలకి గంజి కూడా..." అని ఆగిపోయింది. వీరమ్మ కళ్లలోకి హనుమాయమ్మ చూడలేకపోయింది. ఎటు అడుగేసినా ఎవరో ఒకరు మునుగుతారు. తను మునిగితే తక్కువ నష్టమని అందరూ లెక్క కట్టారు. ఆ లెక్కలో తప్పెక్కడో ఆమెకు వెంటనే దొరకలేదు. రాత్రంతా కళ్లు మూస్తే పెరటి గది, తెరిస్తే లాఠీలు.

విచారణ రోజు తెల్లారి కాఫీ పెట్టింది. విచారణకైనా కాఫీ ఆవిడే పెట్టాలి. డికాక్షన్ దిగుతుంటే మొగుడు మొన్నెప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. "ఆ ఆఫీసరుకు కాఫీ అంటే ప్రాణమే. మొన్న సంఘంలో రెండోసారి అడిగి మరీ తాగాడు." అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు చెయ్యి ఆగింది. లెక్క ఎక్కడ తప్పిందో అప్పుడు కనిపించింది. అందరూ నిండుకుందన్న మాటకు అర్థం చెబుతున్నారు. వర్తకం చేసేవాడు సరుకును వర్ణించడు, ముందు పరుస్తాడు.

పెద్ద మరచెంబులోకి ఎప్పుడూ పోసేదానికంటే తక్కువ పోసింది. మూత బిగించి, సంఘం నౌకరు రాముడి చేతికిచ్చి, "అందరికీ తలా ఒక్కసారి పొయ్యి నాయనా, ఆఫీసరుగారికి నిండా పొయ్యి" అంది. పని జరుగుతుందన్న నమ్మకం ఆమెకు లేదు. ఆ మనిషి ఇవాళ రెండోసారి అడగకపోతే? కాఫీ ముట్టకపోతే? అప్పుడు తల వంచుకుని కూర్చోవాల్సిందే.

సంఘం హాలు ఆమె అనుకున్నంత పెద్దది కాదు. బల్ల, కుర్చీలు, గోడకు గడియారం. మూల బల్ల మీద తన మరచెంబు. ఇన్నేళ్లుగా ఇక్కడికి వస్తూపోతూ ఉన్నది అదే. బెంచీ చివర కూర్చుంది. చీర కుచ్చిళ్లు గట్టిగా పట్టుకుంది. పక్కన నిలబడ్డ మార్కండేయులు, "తల వంచు" అన్నాడు పెదవి కదపకుండా.

రామకోటేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, ఈ అమ్మగారికి ఆరోగ్యం... అంటే శిరస్సుకు సంబంధించి... సంఘం తరఫున ఒక కాగితం..."

"చదివెదను. ఇచట ఉంచుడు." ఆఫీసరు కాగితం వైపు చూస్తూనే గ్లాసు ఖాళీ చేశాడు. హనుమాయమ్మ చూపు ఆ గ్లాసు మీదే ఉంది. అతను కాగితం విప్పాడు. మొదటి వరుస చదివాడు. అతను రెండో వరుసలోకి వెళ్తూ, తలెత్తకుండానే గ్లాసు పక్కకు చాచాడు. "మరికొంచెము."

రాముడు మరచెంబు వంచి చూశాడు. "కాఫీ నిండుకుందండయ్యా."

"మంచిది. పోయుము."

రాముడు తెల్లబోయాడు. "నిండుకుందండీ."

"వింటిని. పోయుము."

వెనక బెంచీ నుంచి ఎవరికో నవ్వొచ్చి దగ్గుగా మారింది. రాముడికి ఏం చెయ్యాలో తోచక చెంబు పూర్తిగా బోర్లించాడు. ఒక్క చుక్క గ్లాసులో పడింది. ఆఫీసరు ఆ చుక్కను చూశాడు, చెంబును చూశాడు, రాముణ్ణి చూశాడు. రాముడికి కొట్టు లేదు, వాటా లేదు, దాచుకోవడానికి నూలు లేదు. అబద్ధమాడితే వాడికొచ్చే లాభమూ లేదు.

అతను మెల్లగా హనుమాయమ్మ వైపు తిరిగాడు.

ఆమె లేచింది. "అయ్యా, ఇంట్లో లేదనే మాట అనకూడదని మాకు ఇంట్లో పెద్దవాళ్లు నేర్పుతారండీ. అందుకని నిండుకుందంటాం. ఆ రోజు నూలు గురించి అన్నదీ అదే. నాకు మతి బాగానే ఉంది."

మార్కండేయులు ఆమె చెంగు లాగాడు. ఆఫీసరు మళ్లీ గ్లాసులోకి చూశాడు. తర్వాత నవ్వాడు, తన మీద తనే. "లేనిదానిని నిండుగా చెప్పుదురా! నా పుస్తకములో ఇది లేదమ్మా." తను రాసుకున్నదాని మీద అడ్డంగా గీత కొట్టి లేచాడు. "మీ సంఘమునకు రావలసిన నూలు వచ్చును."

అతను వెళ్లగానే హాలు ఒక్కసారిగా మాటల్లో పడింది. మార్కండేయుల్ని కౌగిలించుకున్నారు. రామకోటేశ్వరరావుగారి చేతులు పట్టుకున్నారు. సంఘం మళ్లీ ఒక సభ్యుణ్ణి కాపాడిందని ఎవరో గట్టిగా అన్నారు. బల్ల మీది కాగితాన్ని రామకోటేశ్వరరావుగారు జాగ్రత్తగా మడతపెట్టాడు.

"ఇది మన దగ్గరుండనీ మార్కండేయులూ. కాలం బాగోలేదు. మళ్లీ ఎప్పుడన్నా పనికిరావచ్చు."

"ఉంచండి రావుగారూ" అన్నాడు మార్కండేయులు నవ్వుతూ.

మడత జేబు దాకా వెళ్లేలోపు హనుమాయమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. చెయ్యి చాపింది.

"అది నాకివ్వండి అన్నయ్యగారూ."

ఆయన మార్కండేయుల వైపు చూశాడు. మార్కండేయులు దగ్గరికొచ్చి పళ్ల మధ్య నుంచి, "నలుగురిలో ఏమిటే ఇది? ఇంటికి పద, చెప్తా. బొత్తిగా భయం లేదుటే నీకు?" అన్నాడు.

ఆమె చాపిన చెయ్యి తియ్యలేదు.

"లేదనే మాట అత్తయ్య అనొద్దన్నారుగా అండీ" అంది. "నిండుకుంది."