పటిక ముక్క

మామా అల్లుడూ ఒకే కటింగు షాపులో పక్కపక్క కుర్చీల దగ్గర నిలబడి పనిచేస్తూ, రెండు నెలలుగా మాట్లాడుకోవడం లేదు. ఏదన్నా ఉంటే గిరాకీ నెత్తిమీదుగా నడిచేది.

"ఆ దువ్వెన ఇటివ్వమనండి," అనేవాడు అల్లుడు.

"చేతులు పడిపోయాయేమో కనుక్కోండి," అనేవాడు మామ.

గొడవంతా మామ కుడి బొటనవేలి మీది పులిపిరికాయ గురించి. మిరియపు గింజంత, గరుకుగా, మధ్యలో నల్లచుక్కలు. సరిగ్గా కత్తి పట్టుకునే చోట. ఒకరోజు షాపు నిండా జనం ఉండగా అల్లుడు అనేశాడు: "మావయ్యా, అది తగ్గేదాకా కుర్చీ దిగు. ఆ వేలు మొహమ్మీద పెడితే ఎవడొస్తాడు?"

"నీకు కత్తి పట్టడం నేర్పింది ఈ వేలేరా."

"అప్పుడు దానిమీద పులిపిరి లేదుగా!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు మామ కడుపులో ముల్లులా ఉండిపోయింది. కిటికీ పక్క కుర్చీ నలభై ఏళ్ళుగా ఆయనది. కూతుర్నిచ్చి, పని నేర్పి, పక్కన నిలబెట్టుకుంటే వీడా దిగమనేది? ఆయన దిగలేదు. గిరాకీలే అల్లుడి కుర్చీకి జరిగారు.

ఆ పులిపిరిని మామ ఒకసారి కత్తితో కోసేశాడు. రక్తం కారింది. అది మళ్ళీ లేచింది, పక్కన ఇంకో రెంటిని లేపింది. ఆ తర్వాత ఆర్నెల్లుగా రోజూ షాపు కట్టేసే ముందు వేలు నానబెట్టి, పటిక ముక్కతో రుద్దుతున్నాడు. పైపొర తెల్లగా రాలితే ప్రాణం హాయిగా ఉండేది.

ఈలోగా అల్లుడు గడ్డం పెంచాడు. "గీసేవాడే పెంచుకుంటే ఇక గీయించుకునేదెవరు?" అని మామ గిరాకీలతో ఎత్తిపొడిచేవాడు. అల్లుడు పళ్ళు నూరేవాడు.

చివరికి మామ చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయాడు. మందుకోసం కాదు.

"ఇది అంటదని కాగితం రాసివ్వండమ్మా. మా అల్లుడి మొహాన కొట్టాలి."

"అంటుతుంది," అందావిడ. "వైరస్ వల్ల వస్తుంది. కోసినా గీరినా పక్కకి పాకుతుంది. దేంతో గీరారు?"

"పటికతో."

"ఆ పటిక ఇంకెవరన్నా వాడతారా?"

షాపులో గడ్డం గీశాక ప్రతి చెంపకీ రాసేది ఆ ముక్కే.

డాక్టరమ్మ మందు రాసింది. రోజూ గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, దానికోసమే పెట్టుకున్న రాయితో మెల్లగా రుద్ది, పులిపిరి మీదే చుక్క వేసి, ప్లాస్టరు చుట్టాలి. మూడు నెలలన్నా పడుతుంది. అందాకా చేతికి తొడుగు లేకుండా కత్తి పట్టకూడదు. "ఈ మందు మొహానికి పనికిరాదు. మొహమ్మీద వచ్చినవాళ్ళని నా దగ్గరికి పంపండి. గీసుకోవద్దనండి, గీసినకొద్దీ చల్లుకుంటాయి."

దారిలో అల్లుడి గడ్డం గుర్తొచ్చింది. అది పెంచకముందు వాడు రోజూ పొద్దున్నే తన గడ్డం తనే గీసుకుని, అదే పటిక రాసుకునేవాడు.

షాపులో అడుగుపెడుతూనే మామ వాడి గడ్డం పట్టుకుని దువ్వెనతో పాయ తీశాడు. దవడ పొడుగునా, కత్తి నడిచిన దారినే, చదునైన చిన్నచిన్న పులిపిర్లు.

"వదులు మావయ్యా! జనం చూస్తున్నారు," అల్లుడు పళ్ళ బిగువున అన్నాడు. "ఇవి లేచినప్పుడే నీవల్లే అని నాకనుమానం. కానీ నీ వేలు నా మొహం ఎప్పుడు తాకిందో తెలిసి చావలేదు."

గురివింద గింజ తన నలుపెరగదట అని అందరిముందూ అనొచ్చు. రెండు నెలలుగా మామ కాచుకున్న అదను అదే. పటిక సంగతి కడుపులో దాచుకుంటే కుర్చీ కూడా దక్కుతుంది. మామ అలమర మీది పటిక తీసుకుని చెత్తడబ్బాలో విసిరికొట్టాడు.

"వేలు కాదురా, ఆ పటిక. ఆర్నెల్లుగా దాంతోనే నా పులిపిరి గీరుకున్నా."

"మనిషివేనా నువ్వు!" అల్లుడు తువ్వాలు నేలకేసి కొట్టాడు.

"అరవకు. ఆ గడ్డం గీసుకోకుండా డాక్టరమ్మ దగ్గరికి పో."

మామ కిటికీ పక్క కుర్చీ వెనక తగిలించిన తన తువ్వాలు తీసుకుని, గిరాకీల బెంచీ చివర కూర్చున్నాడు. పక్కనున్నాయన చటుక్కున దూరం జరిగాడు. ఎదురుగా అద్దంలో అందరూ ఎవరి చెంపలు వాళ్ళు తడుముకుంటున్నారు.